ముద్ద కలిపిన చెయ్యి

మా మనవరాలు ఏదో కొత్త చదువులో చేరానని ఉత్తరం రాసింది. చచ్చుబడిన చేతులకు మళ్లీ పని నేర్పే చదువట. ఆ పేరు రెండుసార్లు చదివినా నాకు నోరు తిరగలేదు. పిల్లల వార్డులో వేశారని, భయంగా ఉందని చివర్లో రాసింది.

పంతొమ్మిది వందల నలభైల్లో నరసరావుపేటలోని ఒక మిషను ఆసుపత్రిలో నేను నర్సు పని నేర్చుకునేటప్పుడు ఆ చదువుకు పేరూ లేదు, పుస్తకమూ లేదు. మాకు పని నేర్పే పెద్ద నర్సమ్మగారు ఒక డబ్బాడు చింతగింజలు నా చేతికిచ్చి, జ్వరంలో కుడిచెయ్యి పడిపోయిన ఆరేళ్ల పిల్లను చూపించారు. ఆ చేత్తోనే గింజలు ఏరించాలి, ఆ చేత్తోనే అన్నం తినిపించాలి. "అది చెయ్యగలిగిన పని నువ్వు చెయ్యబాకమ్మా" అన్నారు. ఆవిడకు గుండె ఉందా అని మాకు అప్పట్లో అనుమానం. గింజల దాకా బాగానే నడిచింది. నాలుగు ఏరితే రెండు మంచం కిందికి దొర్లేవి, వాటికోసం నేను పాకుతుంటే పిల్ల పకపకా నవ్వేది. చిక్కంతా కంచం దగ్గరే. ముద్ద నోటిదాకా వచ్చి ఒళ్లో పడేది. ఎడంచెయ్యి పెడితే పక్క మంచాలవాళ్లు కసిరేవాళ్లు. ఇక ఏడుపు. నాకు ప్రాణం ఉసూరుమనేది. పెద్ద నర్సమ్మగారు అటు తిరగ్గానే గబగబా నాలుగు ముద్దలు నోట్లో పెట్టేసేదాన్ని. పది రోజులయ్యేసరికి పిల్ల నన్ను చూస్తేనే నోరు తెరిచేది. అదంతా నామీద ప్రేమ అనుకుని తెగ మురిసిపోయాను.

పదకొండో రోజు మధ్యాహ్నం వాళ్లమ్మ వచ్చింది. గురజాల వైపు మిరప చేలల్లో కూలిపని ఆమెది. కూతుర్ని కింద కూర్చోబెట్టి ముందు కంచం పెట్టింది. పిల్ల చెయ్యి కదపకుండా నావైపు తిరిగి నోరు తెరిచింది. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కోప్పడలేదు.

"పొద్దున్నే కోతకి పోతే మాపటికి గానీ రాను నేను. ఇంటికాడ ఇంకెవురూ లేరు. దీనికి బువ్వ నువ్వొచ్చి పెడతావా నర్సమ్మా?"

సిగ్గుతో చచ్చిపోయాను. పెద్ద నర్సమ్మగారు గుమ్మంలోనే ఉన్నారు. ఏమన్నా అంటే బాగుండుననిపించింది.

ఆ తల్లి మూటలోంచి తన జొన్నన్నం తీసుకుని, పిల్లవైపు వీపు తిప్పి కూర్చుంది. నన్నూ పక్కన కూర్చోమని సైగ చేసింది. పిల్ల రాగం అందుకుంది. "తింటే తిను, లేకుంటే మానెయ్యవే" అందే కానీ ఆమె తిరగలేదు. చాలాసేపటికి ఏడుపు ఆగింది. ఇంకాసేపటికి కంచం నేలమీద గీసుకున్న చప్పుడైంది. నేను తిరిగి చూడబోతే నా మోకాలు గట్టిగా పట్టుకుని ఆపింది. అప్పుడు చూశాను ఆమెను. ఒక్క మెతుకూ తినలేదు. ముద్ద చేతిలో అలాగే ఉంది, కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి.

పిల్ల సగం ఒలకబోసుకుని సగం తిన్నది. వారానికి ఇంటికి వెళ్లిపోయింది, మళ్లీ చూడలేదు. ఆ తర్వాత నలభై ఏళ్లు పిల్లల మధ్యే పనిచేశాను. అవన్నీ ఇట్టే గడిచిపోయాయి. వెనక్కి తిరక్కుండా కూర్చున్న ఆ కాసేపే గడవలేదు.