దొంగాకలి

రజాకార్ల గొడవ సద్దుమణిగిన ఏడాది, టైఫాయిడ్ తగ్గిన వారానికే బెల్లంపల్లి రైలెక్కాను. పెద్దపల్లిలో జొన్నరొట్టెలు కొని ఆబగా ముక్క నోట్లో పెట్టుకోబోతుంటే, ఎదురుగా కూర్చున్న ముసలామె నా మణికట్టు పట్టుకుంది. రాలిన నా జుట్టు చూసి జ్వరం సంగతి పసిగట్టినట్టుంది.

“గిది ఆకలి గాదు బిడ్డా, దొంగాకలి. జరమిడిసినంక అస్తది. పేగులు ఇంక పచ్చిగనే ఉంటయి. గంజి తాగు.”

“ఒక్కటే తింటనవ్వా.”

“నా కొడుకు గూడ గట్లనే అన్నడు. నేనే పెట్టిన. మాపటికి లేకుండ పోయిండు.”

చేతిలో ముక్క దించేశాను. అయినా కడుపు రొట్టె కోసం పీకుతూనే ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మంచిర్యాలలో తాను దిగేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు. రొట్టెలు కొంగున కట్టుకుని మరీ దిగిపోయింది.

ఇప్పటికీ కడుపు నకనకలాడితే, కంచం ముందు కూర్చుని మణికట్టు తడుముకుంటాను.