చెల్లెలి తొలి ముద్ద

నాకంటే మూడేళ్లు చిన్నదైన మా చెల్లెలికి ఏడేళ్లకే నా గౌన్లు పట్టేవి కావు. ఊళ్లో ఆడవాళ్లు దాని బుగ్గలు పుణికి, "పార్టీ మనుషుల ఇల్లు, తిండికేం కొదవ!" అని నవ్వేవాళ్లు. దాని నిద్ర గురించి ఎవరూ అడగలేదు.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. నాయన ఒక వర్గంలో తిరిగేవాడు. ఎన్నికలనీ గొడవలనీ ఏడాదిలో సగం రోజులు పక్క ఊళ్ల మనుషులు రాత్రిళ్లు మా మిద్దెమీద కాపలాకి వచ్చేవాళ్లు. ఊరు సద్దుమణిగాకే అన్నాలకు కూర్చునేవాళ్లు. ఎదుటి వర్గానికి అమ్ముడుపోయి కూటిలో విషం కలుపుతారని అందరికీ భయం. తెగించినవాడు తానైనా తింటాడు గానీ కన్నబిడ్డకు పెట్టడని వాళ్ల నమ్మకం. అందుకే ఇంటి చిన్నబిడ్డ తొలి ముద్ద తింటేగానీ వాళ్లు విస్తరి ముట్టేవాళ్లు కాదు. ఈ పద్ధతి పెట్టినవాడెవడో గానీ వాడి బిడ్డల్ని ఎవరూ నిద్రలో లేపి ఉండరు. నాకిప్పటికీ వాడి మీద కోపమే.

అమ్మ లేపి కూర్చోబెడితే చెల్లెలు కళ్లు మూసుకునే నమిలేది. ఒక్క ముద్దతో వదిలితేనా! ముద్దుచేసి తలా ఒక మాంసం ముక్క దాని నోట్లో పెట్టేవాళ్లు. పొద్దున బడిలో పలక మీదే తల వాల్చేది. ఆటలకు లేచేది కాదు. సాయంత్రానికి ఆకలి, ఆకలి అని ఏడ్చేది.

మెట్లెక్కితే ఆయాసపడుతోందని ప్రొద్దుటూరులో డాక్టరమ్మకు చూపించారు. నేనూ వెళ్లాను. ఆమె అన్నీ అడిగి, "తిండి ఒక్కటే కాదు. నిద్ర చాలకపోతే పిల్లలకు ఆకలి ఎక్కువవుతుంది, ఒళ్లు పెరుగుతుంది. ముందు రాత్రంతా పడుకోనివ్వండి" అంది. బస్సులో చెల్లెలు నాయన ఒళ్లో నిద్రపోయింది. దాని తల అదరకుండా ఊరొచ్చేదాకా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ రాత్రి తొలి ముద్ద నాయనే తిన్నాడు.

"ఏందప్పా, బిడ్డ యాడ?" అన్నాడు వచ్చినవాళ్లలో పెద్దాయన.

"పండుకోనుంది. ఇంగ లేపను."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తినకుండానే లేచిపోయారు. మళ్లీ రాలేదు. వాళ్లను మళ్లీ పిలుద్దామని అమ్మ ఏడ్చి బతిమాలినా నాయన చెల్లెల్ని లేపనివ్వలేదు. కొద్దిరోజులకు తోడెవరూ లేక ఒక్కడే పులివెందుల పోయి వస్తుంటే, ఎదుటి వర్గం వాళ్లు దారి కాచి చంపేశారు.

తర్వాత మా ఇంట్లో అర్ధరాత్రి పొయ్యి వెలగలేదు. చెల్లెలు తెల్లవారేదాకా నిద్రపోయేది. రానురాను ఒళ్లు తగ్గింది, మెట్లు పరుగున ఎక్కేది. "నాయన మీద బెంగతో చిక్కిపోతాంది" అని ఊరంతా జాలిపడింది. అసలు సంగతి దానికి మేమింతవరకూ చెప్పలేదు. ఎలా చెప్తాం?

నాయన మొదటి ఏడాది దినానికి చుట్టాలొచ్చారు. ఇంత పొద్దెక్కినా పడకేందని మేనత్త చెల్లెల్ని లేపబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"లేపొద్దు వదినా. వాళ్ల నాయన దానికి ఇచ్చిపోయింది అదొక్కటే."