చేదు తెలియని ఇంటివారి ఉగాది పచ్చడి

ఢిల్లీ ఆర్.కె. పురం తెలుగువాళ్లు నా నాలుకకు చేసిన అన్యాయం నేను మరచిపోలేదు. వాళ్లలో చాలామంది రిటైరై వెళ్లిపోయారు. కొందరు నన్నే మరచిపోయి ఉంటారు. అయినా రాస్తాను.

తొంభైలలో మా క్వార్టర్ల తెలుగు కుటుంబాలన్నీ కలిసి పార్కులో ఉగాది చేసుకునేవాళ్లం. పులిహోర ఒకరు, బొబ్బట్లు ఒకరు తెచ్చేవారు. పచ్చడి మాత్రం మా పై అంతస్తులో ఉండే గోదావరి ఆవిడే చెయ్యాలి. ఆమె భర్త మా ఆఫీసులో నాకంటే ఒక మెట్టు పైన, కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. ఢిల్లీలో ఉగాది నాటికి వేప పూత సరిగ్గా రాదు. అందుకని ఆవిడ లేత వేపాకు నూరి కలిపేది. భర్తకూ ఇద్దరు కూతుళ్లకూ రుచి చూపించేది. వాళ్లు "ఇంకాస్త పడొచ్చు" అంటే ఇంకో ముద్ద వేసేది.

ఆ పచ్చడి నాలుక మీద పడితే నాకు చెవులు గింగురుమనేవి. మిగతావాళ్లు మొహం పక్కకు తిప్పుకుని మింగి "బాగుందండీ" అనేవారు. పండగపూట పచ్చడికి వంక పెట్టకూడదట. నేను పెట్టాను.

"ఏందమ్మా ఇది? చెట్టంతా నూరి పోసినారా?"

"చేదెక్కడుందండీ? ఇంటిల్లిపాదీ రుచి చూశాం. మీ నోరే అంతేమో! అందులోంచి ఓ తీపి మాట వచ్చి ఎన్నాళ్లయిందో!"

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. అది మరీ గుర్తుంది. ఆ రోజు నుంచి కాలనీ పిల్లలకు నేను "కడ్వే అంకుల్", అంటే చేదు అంకుల్ అయ్యాను. ఆ పచ్చడి చేదని ఆవిడ చేత ఒప్పించి, ఆ పేరు వదిలించుకోవాలని అప్పుడే పట్టు పట్టాను.

కొన్నేళ్లకు మా అమ్మాయి పన్నెండో తరగతిలో బయాలజీ ప్రాజెక్టు కోసం చిన్న కాగితం ముక్కలు తెచ్చింది. వాటికి ఏదో మందు పట్టించారట. నాలుక మీద పెడితే కొందరికి చేదు, కొందరికి ఉత్త కాగితం. అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువులను బట్టి ఉంటుందట. కాలనీలో ఎవరికి ఎలా ఉందో చూడాలి.

"పాపా, జీభ్ నికాలో."

నాలుక చాపాను. మరుక్షణం వాష్‌బేసిన్ దగ్గర ఉన్నాను. నోరు కడుక్కుంటుండగా నాకు పైనింటి వాళ్లు గుర్తొచ్చారు.

"పా పైకి!" అన్నాను.

పైన నలుగురూ సోఫాలో వరుసగా కూర్చుని కాగితాలు నెమరేశారు.

"ఇందులో ఏముందే, కాగితమేగా!" అంది ఆవిడ.

"కుఛ్ భీ నహీ హై, దీదీ," అంది చిన్న కూతురు.

ఆయన తన ముక్క మింగేసి ఇంకొకటి అడిగాడు.

మెట్లు దిగుతూ నేను ఈల వేశాను. మా అమ్మాయి మాత్రం "ఇత్నా సింపుల్ నహీ హై, పాపా. ఈ చేదు వేరే, వేపాకు చేదు వేరే. టీచర్ చెప్పారు" అంది.

"చేదు చేదే" అన్నాను.

తర్వాతి ఉగాదికి ముందు పార్కులో మీటింగు పెడితే, మిగిలిన కాగితాలు అందరికీ పంచాను. ఎవరి మొహం ఎన్ని వంకర్లు పోవాలో అన్ని వంకర్లూ పోయింది. కంటోన్మెంటు నుంచి వచ్చిన సుబేదారు గారు, దేనికీ జంకనని చెప్పుకునే మనిషి, బంతిమొక్కల్లో ఉమ్మేశారు. పైనింటి నలుగురూ మాత్రం ప్రశాంతంగా నములుతున్నారు. ఇక గత్యంతరం లేక పచ్చడి బాధ్యత నాకు అప్పగించారు. క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు.

పండగ పొద్దున వేపాకు చివుళ్లు తుంచి వేసి రుచి చూశాను. చేదు. బెల్లం వేశాను. ఇంకా చేదే. ఇంకా బెల్లం వేశాను. చివరికి ఆకు ఏరి పారేశాను.

"ఇది పానకమండీ! శ్రీరామనవమి ఇంకా రాలేదు," అన్నారు సుబేదారు గారు.

"మీ నాలుకలు ఏళ్ల తరబడి మొద్దుబారినాయి, నేనేం చేసేది?" అన్నాను. నా కళ్లు పైనింటి ఆవిడ మీదే ఉన్నాయి. ఆవిడ దొన్నె ఎత్తి, చివరి చుక్క దాకా తాగి, పెదవులు చప్పరించింది. ఇప్పుడైనా తేడా తెలియాలి కదా.

"భలే కుదిరిందండీ! అచ్చం ఏటా నేను చేసే పచ్చడిలాగే ఉంది. అనవసరంగా ఇన్నాళ్లు నన్ను ఆడిపోసుకున్నారు."

భర్తా కూతుళ్లూ తలలూపారు. పార్కంతా నవ్వింది. మా ఆవిడ కూడా.

"కడ్వే అంకుల్, ఔర్ హై క్యా?" అంటూ చిన్న కూతురు ఖాళీ దొన్నె చాపింది.