మస్తాన్ ముఖం ఎటు?

ఇటలీలో మా లారీ దళం ఒక కొండ కిందికి చేరింది 1944 చలికాలంలో. వాన. పిక్కల దాకా బురద. మనిషికి రెండు కంబళ్లు, ఒక రబ్బరు గుడ్డ, ఒక పార ఇచ్చారు. పగలు లారీ కదిలితే గుండ్లు పడతాయి. చీకటి పడ్డాకే కదలాలని ఆర్డరు. మాచర్ల ఎండలో పెరిగిన నాకు మొదటి రోజే ఆ దేశం మీద రోత పుట్టింది.

దళంలో తెలుగువాళ్లం ఇద్దరమే. నేను డ్రైవర్ని. మస్తాన్ మెకానిక్కు, మాచర్లలో మా వీధివాడే.

"ఒరేయ్, ఇక్కడ ఎండక్కూడా రేషనేరా!" అనేవాడు.

ఒక పొద్దున చెడిపోయిన లారీ దగ్గరికి వెళ్తూ మందుపాతర తొక్కాడు.

మా పంజాబీ హవల్దారు జనాజా నమాజు చదివించాడు. మక్కాలో కాబా ఉన్న దిక్కు చూసి గొయ్యి తవ్వించాడు. మన ఊరికి కాబా పడమర, అక్కడికి ఆగ్నేయం. మస్తాన్ ముఖం అటు తిప్పి పడుకోబెట్టాం. వాళ్లమ్మకు ఆ సంగతి రాశాను. ఆ తల్లికి మిగిలిన ఊరట అదొక్కటే.

ఎండలు వచ్చేసరికి అక్కడ యుద్ధం ముగిసింది. కొండల్లో ఉన్న సమాధులన్నీ తవ్వి, రోడ్డు పక్కన ఒకే శ్మశానం చెయ్యమన్నారు. జనరల్ వచ్చి పూలు పెడతాడట. మా కెప్టెన్ తాళ్లు కట్టించి వరసలు గీయించాడు. అన్నీ రోడ్డుకు ఎదురుగా.

"సాబ్, మావాళ్ల గోతులు కాస్త ఐమూలగా తవ్వాలి," అన్నాడు హవల్దారు.

"వరస చెడుతుంది."

"ముఖం కాబా వైపు ఉండాలి సాబ్."

"చచ్చినవాడికి దిక్కేమిటి? తాడు ప్రకారం తవ్వు."

నేను పార కింద పడేశాను. నన్ను వంటశాలకు తోలి, వేరేవాళ్లతో తవ్వించారు. జనరల్ వచ్చాడు. వరసలు బాగున్నాయన్నాడు. టీ తాగి పోయాడు. కెప్టెన్ మురిసిపోయాడు. శవాల చేత కూడా పరేడు చేయించారు, ఛీ!

మరుసటేడు మాచర్ల స్టేషన్లో దిగాను. వారం తిరక్కుండానే బడి ఆవరణలో సంస్మరణ సభ పెట్టారు. కుర్చీలన్నీ పెద్దమనుషులవే. మస్తాన్ సకల మర్యాదలతో నిద్రిస్తున్నాడని ఒక ఆఫీసరు ఉపన్యసించాడు. చివర్లో వాళ్లమ్మను పిలిచి ఆ శ్మశానం ఫోటో చేతిలో పెట్టాడు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సభ కాగానే ఆమె నన్ను ఇంటికి తీసుకెళ్లింది.

"అబ్బాయ్, ఇందులో కాబా ఎటు? నువ్వు రాశావుగా, అటే పెట్టామని."

"పెట్టాం పిన్నమ్మా. తర్వాత తీసి, ఇట్టా రోడ్డుకేసి పెట్టారు."

"తీయటమేంది? పూడ్చినోణ్ణి తీస్తారా?"

"తీశారు. చానా మొత్తుకున్నాం."

ఆమె ఏడవలేదు. అప్పుడు ఆమె చేసిన పని మాత్రం ఇన్నేళ్లయినా నా కళ్ల ముందు నుంచి కదల్లేదు. ఫోటోను నేల మీద పెట్టింది. మస్తాన్ సమాధి ఏదో, ముఖం ఎటుందో నాచేత వేలు పెట్టించుకుంది. తర్వాత రెండు అరచేతులూ ఆ కాగితం మీద ఆనించి, వాడి ముఖం ఇంటి పడమటి గోడకు ఎదురయ్యేదాకా మెల్లగా తిప్పింది.

"ఇప్పుడు సరిగ్గా ఉన్నాడా, అబ్బాయ్?" అంది.