పప్పు మెచ్చిన నీళ్లు

నా కూతురు సగం తాగి వదిలేసిన మామిడి జ్యూసు సీసా వాసన చూస్తున్నాను. చక్కెర ఎంతో, రంగు ఏదో లేబుల్ మీద రాశారు గానీ, ఏ ఊరి నీళ్లు పోశారో, వాటిలో ఫ్లోరైడ్ ఎంతుందో ఎక్కడా రాయలేదు. ఎందుకు రాస్తారు? తాగే వాటి విషయంలో నేను ఎవరినీ నమ్మను. ఈ గుణం నాకు మెదక్‌లో మా నాయనమ్మ నుంచి వచ్చింది, ఆమె మాత్రం ఒక్క బోరింగును నమ్మింది.

మా వాడకట్టు చేదబావి నీళ్లలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా గింజ గింజలాగే మిగిలేది. ఒక ఎండాకాలం బావి అడుగంటితే సందు చివర బోరింగు వేశారు. నాయనమ్మ మొదటి బిందె తెచ్చి ఎసరు పెట్టింది. పప్పు వెన్నలా మెదిగింది.

"జూడుర్రి, గివే మంచినీళ్లు" అని తీర్పు చెప్పింది.

ఇక బతుకమ్మ పండుగకు సత్తుపిండి ముద్దలు గొంతుకడ్డం పడితే అవే నీళ్లు, ఎండలో గోటీలాడి వస్తే అవే నీళ్లు. ఆమె అనుమానమంతా బస్టాండు దగ్గరి గోలీ సోడా మీద. "గండ్ల ఏం కలుపుతుండో ఎవనికెర్క. పండ్లు ఖరాబైతయ్ బిడ్డా" అనేది. ఆ సోడాలోకీ మా బోరింగు నీళ్లే పోయేవి. వాటికి మాత్రం ఆమె వంక పెట్టలేదు.

పాలపళ్లు ఊడి నాకు వచ్చిన కొత్త పళ్ల మీద సున్నపు చారలు, గోధుమరంగు మరకలు. నాయనమ్మ సోడా బంద్ చేయించింది, తర్వాత చాక్లెట్లు. బొగ్గుపొడీ ఉప్పూ పెట్టి చిగుళ్లు రక్తం కారేదాకా తోమింది. మరకలు కదల్లేదు. నేను పదో తరగతిలో ఉండగా ఎవరో వచ్చి నీళ్లు పట్టుకుపోయి పరీక్ష చేశారు. కొన్నాళ్లకు బోరింగుకు ఎర్రరంగు పూసి, ఫ్లోరైడ్ ఎక్కువుంది, తాగొద్దని రాశారు. నాయనమ్మ నా దవడ పట్టుకుని నోరు తెరిపించి చాలాసేపు చూసింది.

"నేనే తాపిస్తి గదరా" అంది. ఆ పూట అన్నం తినలేదు.

నా బిడ్డకు ఆ గతి పట్టకూడదనుకున్నాను. ఇంటికి నల్లా వచ్చింది, పరీక్షించిన నీళ్లే అన్నారు. నేను నమ్మలేదు. పుట్టినప్పటి నుంచి దానికి క్యాన్ నీళ్లు, సీలున్న జ్యూసు సీసాలు, వెతికి తెచ్చిన ఫ్లోరైడ్ లేని పేస్టు. ఇప్పుడు దానికి ఏడేళ్లు. నిన్న పంటినొప్పితో ఏడిస్తే దవాఖానకు తీసుకుపోయాను. దాని పళ్లలో నల్లటి గుంతలు చూసి, డాక్టరమ్మ నా పళ్ల వైపు చూసింది.

"ఫ్లోరైడ్ ఎక్కువైతే మీ లెక్క మరకలు పడ్తయ్. అసలే లేకుంటే పండ్లకు కాపుదల తక్కువైతది. దానిమీద పొద్దుమాపు గీ తియ్యటి జ్యూసులు తాపిండ్రు. అవి బంద్ చేసి, జరంత ఫ్లోరైడ్ పేస్టు వాడుండ్రి."

ఆ చేదబావిని పూడ్చేశారు. బోరింగు పీకేసిన చోట క్యాన్ల దుకాణం ఉంది. నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆమె నమ్మి నా పళ్లు చెడగొట్టింది, నేను నమ్మక నా బిడ్డ పళ్లు చెడగొట్టాను. పాపం, ఆమెకు చెప్పేవాళ్లు లేరు. నాకు చెప్పినా వినలేదు.

నిన్న దవాఖాన నుంచి తిరిగి వస్తుంటే ఆటో అద్దంలో నా బిడ్డ నోరు తెరిచి చూసుకుంది.

"డాడీ, నేను గూడ నీ లెక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వాల్నా?"

"వద్దు బిడ్డా" అని నవ్వబోయాను. నా చెయ్యి అప్పటికే నోటి మీద ఉంది.