మిల్లు దూలం ఊగిన లెక్క

చల్లపల్లి దగ్గర ఒక రైస్ మిల్లులో ఇనప దూలం ఊగుతోందని మా ఇంజినీరింగ్ కాలేజీ సీనియర్ లెక్చరర్ గారికి ఆయన పిన్ని చెప్పింది. ఆవిడ ఆ దూలం కిందే కూర్చుని నూకలు చెరుగుతుంది. చెప్పింది ఆదివారం చర్చి అయ్యాక కనక, ఆమె కోసం ఒక ప్రార్థన చేసి ఊరుకోవచ్చు. ఆయన ప్రార్థనా చేశారు, నన్ను వెంటబెట్టుకుని చల్లపల్లి బస్సూ ఎక్కారు. ఆ డెబ్బైల దశకంలో మా ఇద్దరికీ కంప్యూటర్ మీద కూడా భక్తి ఉండేది.

మిల్లు యజమాని మర్యాదస్తుడు. కొబ్బరినీళ్లు ఇప్పించి, ఒక్కటే మాట అన్నాడు.

“మీ లెక్క కాగితం దూలం బాగుందంటే సీజనంతా ఆడిస్తానండీ. బాగోలేదంటే ఆ పూటే ఆపేస్తా.”

మాట తప్పే మనిషిలా లేడు. మాకు భయం వేసిందీ అందుకే.

దూలం పొడవు, మందం కొలుచుకున్నాం. దాని మీదున్న తొట్టి బరువూ, పక్కనుండే షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతుందో యజమానిని అడిగీ రాసుకున్నాం. షాఫ్టు అదిరిస్తుంటే దూలం ఎంత ఊగుతుందో చెప్పే ప్రోగ్రాం రాసి మద్రాసు పంపాం. మాకు అందుబాటులో ఉన్న కంప్యూటర్ అక్కడే ఉండేది. వాళ్లు కార్డులకు చిల్లులు పొడిచి, లెక్క చేయించి, అచ్చయిన కాగితాలు రైల్లో పంపేవాళ్లు.

దూలం దాదాపు కదలటం లేదని కాగితం వచ్చింది.

“మంచినీళ్ల చెంబు దానంతటదే జరుగుతోంది నాయనా. దానికెవరు చెప్పారు జరగమని?” అంది పిన్ని.

పటమటలో నా గదిలో కూర్చుని తప్పు వెతికాం. దశాంశ బిందువులు చూశాం. ద్రవ్యరాశి కోసం బరువును గురుత్వంతో భాగించామో లేదో చూశాం. భాగించాం. దూలం చివరలు గోడలో బిగిసి ఉన్నాయనుకున్నాం కదా, వదులుగా ఉన్నాయనుకుని మళ్లీ పంపాం. కంప్యూటర్‌కి మొహమాటం లేదు. దూలం క్షేమమని ఈసారి ఇంకా నల్లటి సిరాతో అచ్చేసింది.

ఆ కాగితం యజమానికి ఇవ్వకుండా లెక్చరర్ గారు జేబులో పెట్టుకున్నారు. “ఈసారి చెప్పకుండా వెళదాం,” అన్నారు.

చెప్పకుండానే వెళ్లాం. మిల్లు ఆడుతోంది. నిచ్చెనెక్కి దూలం మీద చెయ్యి పెడితే నా పళ్లు టకటకలాడాయి. పక్కకి చూస్తే తొట్టి నిండా ధాన్యం.

“మొన్న ఇది ఖాళీగా ఉందే!” అని కిందికి అరిచాను.

యజమాని నొచ్చుకున్నాడు. “పెద్దవాళ్లు మీరొస్తున్నారని మిల్లాపి, కడిగించి, తొట్టి కూడా తోడించానండీ. ఆ మాత్రం మర్యాద తెలీదనుకున్నారా?”

మేం లెక్క కట్టింది అతిథుల కోసం ముస్తాబైన దూలానికి. ఖాళీ దూలం సహజంగా చాలా వేగంగా ఊగుతుంది, షాఫ్టు దాన్ని అందుకోలేదు. ధాన్యం బరువు పడ్డాక ఆ ఊపు నెమ్మదిస్తుంది. సిగరెట్ పెట్టె అట్ట మీద లెక్క వేసి చూస్తే, అది సరిగ్గా షాఫ్టు వేగం దగ్గరికే దిగింది. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ ఎవరో తోస్తున్నట్టే. దూలం చివర గోడలో పగులు అప్పటికే నా వేలు దూరేంత ఉంది.

“ఆపెయ్యండి,” అన్నారు లెక్చరర్ గారు.

యజమాని ఎందుకని అడగలేదు. వెళ్లి స్విచ్చి తీశాడు. బెల్టు నెమ్మదించి ఆగింది. పిన్ని చేట ఒళ్లో పెట్టుకుని పైకి చూస్తోంది.

వారంలో దూలం నడుమ కింద ఇనప స్తంభం నిలిపారు. మిల్లు మళ్లీ మొదలయ్యే రోజు మేమూ వెళ్లాం. స్తంభం నిలిచింది పిన్ని కూర్చునే చోటే. కిటికీ వెలుగు వచ్చే జాగా కూడా అదొక్కటే.

“మంచిదే చేశార్రా. మరి నేనెక్కడ కూచోను?”

మా లెక్కలో ఆ ప్రశ్న లేదు. యజమాని తవుడు బస్తాల వెనక చీకటి మూల చూపించాడు. ఆవిడ చేట తీసుకుని అటు నడిచింది.

లెక్చరర్ గారు స్తంభం మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. మిల్లు ఆడుతున్నా అది కొంచెం కూడా అదరటం లేదు.