కొత్తల్లుడి అలక, పెదబాపు కట్ట

డిగ్రీ పూర్తిచేసి ఇంటికొచ్చిన ఆడపిల్లను ఆ రోజుల్లో మా వైపు కొత్తగా కొన్న రేడియోలా చూసేవాళ్ళు. వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చూపిస్తారు, కాస్త గట్టిగా మోగిందంటే చెవి మెలేసి గొంతు తగ్గిస్తారు. నాకు గొంతు తగ్గించడం అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాదు (మా ఆయన్ను అడగండి, వివరంగా చెబుతాడు). అందుకే చొప్పదండి దగ్గర మా పెదబాపు (మా నాన్నకు అన్న) కట్టించుకున్న కుంటతో నా తగాదా మొదటి రోజే మొదలైంది.

కుంట అంటే పొలాలు పారించేది అనుకునేరు. దాని కింద ఆయనకు గుంటెడు మడి లేదు. ఎక్కడో పడవ షికారు చేసొచ్చి మనసు పడ్డాడు, అంతే. సొంత మెట్టచెలకలో పారే ఒర్రెకు, అంటే చిన్న వాగుకు, అడ్డంగా మట్టికట్ట పోయించి, ఓ మూలన రాతితో మత్తడి కట్టించి (కుంట నిండితే నీళ్ళు కట్ట మీదికెక్కకుండా దుంకి పోయే దారి అది), నీలం రంగు పడవ ఒకటి దింపాడు. అందం కోసం కట్ట మీద వరసగా చెట్లు పెట్టించాడు. వేర్లు మట్టిలో దారులు చేస్తాయని నేను, నీడ ఉంటుందని ఆయన. ఎండ్రికాయలు బొక్కలు పెడుతున్నాయని నేను, కూరొండుకోవచ్చని ఆయన. కట్ట దిగువన, ఒర్రె పక్కనే, మిషన్ బడిలో చదువు చెప్పే టీచరమ్మ ఇల్లూ, ఆమె వరిమడీ ఉండేవి. కట్ట తెగితే నీళ్ళకు మొదటి గడప అదే. "మీ పెదబాపు పడవ ఏదో ఒకనాడు మా ఇంట్లకే వస్తది బిడ్డా, చాపేసి ఉంచుత" అని ఆమె నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఆ ఏడు పెదబాపు కూతురికి, అంటే మా అక్కకు, పెళ్ళయింది. మొదటి దసరాకు కొత్తల్లుడు రావాలి. మంథని మనిషి. "గోదారి ఒడ్డున పుట్టిన పిలగాడు, నీళ్ళంటే పానం. పడవ మెట్ల దాకా రావాలె" అని పెదబాపు తీర్మానించాడు. నీళ్ళేమో మెట్లకు మూరెడు కింద ఉన్నాయి. మామూలు మనిషైతే ఇంకో మెట్టు కట్టిస్తాడు. మా పెదబాపు మత్తడికి ఇసుక బస్తాలు అడ్డం పెట్టించాడు. అల్లుడి కాలికి బురద అంటకూడదు కనుక నీళ్ళే పైకి రావాలి!

నీళ్ళు వచ్చాయి. పండగ ముందురోజు తెల్లవారకముందే పట్టుకున్న ముసురు విడవలేదు. నాకు ఇంట్లో కాలు నిలవలేదు. గొడుగు పట్టుకుని కట్టకూ ఇంటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. టీచరమ్మ ఇంటి వైపు, కట్ట అడుగున పొద్దున చెమ్మ కనిపించింది. కాసేపటికి అది సన్నటి ఊట అయింది. దోసిట్లో పట్టి చూస్తే ఎర్రటి నీళ్ళు. తేటగా వస్తే అదో రకం, ఎర్రగా వస్తున్నాయంటే కట్ట లోపలి మట్టిని మోసుకొస్తున్నాయన్నమాట. పరుగెత్తాను.

"పెదబాపూ, బస్తాలు తీయించు. కట్ట లోపల్నే కరుగుతున్నది!"

"గది బర్లు పండుకున్న కాడ తడి. నీ బియ్యెస్సీ నీ దగ్గర్నే వెట్టుకో బిడ్డా."

"బర్లు పండుకుంటె ఎర్రనీళ్ళు కారుతయా?"

"అన్నిటికి అడ్డం మాట్లాడుతవ్. ఇంట్లకు వోయి గారెల పిండి రుబ్బు."

టీచరమ్మ దగ్గరికి పోయాను. ఆమె అప్పటికే ముసలి అత్తను బడికి పంపించేసి, మడి గట్టు మీద నిలబడి కట్ట వైపే చూస్తోంది. "మా ఇంటికి రా టీచరమ్మా" అన్నాను. "పొట్టకొచ్చిన వరిని ఇడిసి యాడికి వస్త? నీ మాట ఇననాయన నా మాట ఇంటడా?" అంది. ఈసారి నవ్వలేదు.

తిరిగొచ్చేసరికి, ముందురోజే దిగిన కొత్తల్లుడు, అంటే మా బావ, వరండాలో ఒక్కడే నిలబడి, దూరాన పడవను చూస్తూ చెమటలు తుడుచుకుంటున్నాడు. వానలో చెమట! నాకు అనుమానం వచ్చింది.

"బావా, నీకు ఈత వచ్చునా?"

అటూ ఇటూ చూశాడు. "మెల్లగ మాట్లాడు మరదలా. గోదారి ఒడ్డున పుట్టినోళ్ళందరికి వస్తదా ఏంది?"

"మరి పడవ ఎక్కనని చెప్పు."

"మామ ముంగట ఇజ్జత్ పోదా?"

"అయితే అలిగి కూసో. మత్తడి దుంకంగ సూడాలె, లేకుంటె ముద్ద ముట్టనని చెప్పు. నీళ్ళు పోతయి, నీ పడవ బురదల కూసుంటది."

"నాకు అలుగుడు రాదు."

"మూతి ముడుసుకో. మిగతాది వాళ్ళే చేస్తరు."

అన్నాల వేళ బావ విస్తరి ముందు మూతి ముడుచుకుని కూర్చున్నాడు (పంటి నొప్పి వచ్చినవాడిలా ఉన్నాడు, అయినా పనిచేసింది). పెదబాపు భార్య, మా పెద్దవ్వ, గరిటె పట్టుకుని నిలబడిపోయింది. పెదబాపు పరేషాన్. "ఏం గావాలె అల్లుడా? జర నోరు దెర్వుండ్రి. స్కూటరా?" స్కూటర్ అనగానే బావ కళ్ళు మెరిశాయి. ఆ క్షణం టీచరమ్మ ఇల్లు ఆ మనిషి నోట్లో ఉంది. పప్పు వడ్డిస్తున్నట్టు వంగి, అతని కాలి వేళ్ళ మీద నా మడమ గట్టిగా మోపాను. "మత్తడి... దుంకంగ సూడాలె" అన్నాడు మూలుగుతూ.

"గింతేనా!" అంటూ పెదబాపు తువ్వాల తలకు చుట్టుకుని, చెప్పుల్లేకుండా వానలోకి ఉరికాడు. పొద్దుటినుంచీ నేను మొత్తుకున్నా కదలని బస్తాలు క్షణాల్లో లేచాయి. మత్తడి ఒక్క ఉరుకున దుంకింది. చీకటి పడేలోపు నీళ్ళు మళ్ళీ మెట్లకు మూరెడు కిందికి దిగాయి, ఊట సన్నబడి తేటయింది, మెట్ల దగ్గర కట్టిన పడవ బురదలో ఒరిగింది. టీచరమ్మ మడిగట్టు మీదనుంచి ఇంట్లోకి పోవడం నేను కట్ట మీదనుంచి చూశాను.

"మా అల్లుడు ముందే పసిగట్టిండు, ఇంజనీరు బుద్ధి" అని పెదబాపు ఏళ్ళ తరబడి ఊరందరికీ చెప్పుకున్నాడు. ఆ తర్వాత చెట్లు కొట్టించడానికో అలక, బొక్కలు పూడ్పించి కట్టను దిమ్మిస కొట్టించడానికో అలక. నేను చెప్పడం, బావ మూతి ముడవడం. ఆ విద్య ఆయనకు ఎంత బాగా అబ్బిందంటే, కూరలో ఉప్పు తగ్గినా అలుగుతున్నాడని మా అక్క ఇప్పటికీ నన్నే తిడుతుంది.

కట్ట నిలిచింది కదా, ఎవరి మాటతో నిలిస్తేనేం అనుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. అనుకున్నాక కూడా, నిజం చెప్పొద్దూ, కొంచెం మండుతూనే ఉంటుంది. ముసురు పట్టినప్పుడల్లా, గొడుగు గాలికి తిరగబడినా వాదన ఆపకుండా కట్ట మీద తిరుగుతున్న ఆ పిల్ల నాకు కనిపిస్తుంది. నీదే నిజం, ఒప్పుకుంటున్నాను, ఇక లోపలికొచ్చి తల తుడుచుకోవే అని పిలవాలనిపిస్తుంది. పిలిచినా వస్తుందా? ఎందుకు రావాలో చెప్పమని నాతోనే వాదనకు దిగుతుంది.